అవతలివాళ్ల పుస్తకం
(స్మారక ఉపన్యాస పాఠం)



ఈ హాల్లో ఉన్నవాళ్లలో సగం మంది, ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆ మాస్టారి దగ్గర చదువుకున్నవాళ్లు, మిగతా సగం వాళ్ల పిల్లలు. ఆయన ఎలాంటివారో నేను చెప్పక్కర్లేదు. ఒక్క తరగతి సంగతి చెప్పి విషయంలోకి వస్తాను.

ఇంటర్ మొదటి సంవత్సరంలో మాకు ఆయన బుక్‌కీపింగ్ చెప్పేవారు. మొదటి నెలంతా జమ, ఖర్చు, చిట్టా, ఆవర్జాలతోనే గడిచింది. రెండో నెలలో ఒకరోజు బోర్డు మీద ఒక లెక్క రాశారు. ఎరువుల కొట్టాయన ఒక రైతుకు ఆరు బస్తాల యూరియా అరువిచ్చాడు, పంట వచ్చాక తీర్చే షరతు మీద. మేమంతా గబగబా కొట్టు పుస్తకంలో పద్దు రాసి చూపించాం. ఆయన అన్నీ చూసి, "బాగుంది. ఇప్పుడు రైతు పుస్తకం రాయండి" అన్నారు. రైతుకు పుస్తకం ఎక్కడుంటుంది మాస్టారూ అని వెనక బెంచీలోంచి ఎవరో అడిగారు. "లేదు కాబట్టే మీరు రాయాలి" అన్నారాయన.

రాయడం మొదలుపెట్టాక తెలిసింది. అరువు కాబట్టి బస్తాకు కొంత ఎక్కువ. బండి కిరాయి. పంట మళ్లీ ఆ కొట్టాయనకే, ఆయన చెప్పిన రేటుకే అమ్మాలి కాబట్టి అక్కడ కొంత. తూకంలో తరుగు. బాకీ ఉన్నన్నాళ్లూ కొట్టు ముందునుంచి తలవంచుకుని వెళ్లడాన్ని ఏ పద్దు కింద రాయాలో మాకు తెలియలేదు. కొట్టు పుస్తకంలో రెండు వరసల్లో తేలిన లెక్క రైతు పుస్తకంలో పేజీన్నర పట్టింది.

సమాజం పట్ల బాధ్యత ఉన్న వ్యాపారం గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు నాకు ఆ పేజీన్నరే గుర్తొచ్చింది. ముప్పై ఏళ్లకు పైగా సహకార సంఘాల లెక్కలు తనిఖీ చేసిన మనిషిని. ఒక వ్యాపారం జనం కష్టం తీరుస్తోందా లేదా అని తేల్చుకోవాల్సి వచ్చినప్పుడల్లా నేను చేసింది ఒక్కటే. ఇవతలి పుస్తకం మూసి, అవతలివాళ్ల పుస్తకం రాసి చూశాను.

2013 కంపెనీల చట్టం వచ్చాక మన దగ్గర బాధ్యత అనే మాటకు ఒక అంకె అంటుకుంది. పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. ఆ డబ్బుతో బడులకు మరుగుదొడ్లు వచ్చాయి, ఊళ్లకు మంచినీటి ప్లాంట్లు వచ్చాయి. సంతోషమే. కానీ నా మనసు మిగతా 98 శాతం మీద ఉంటుంది. ఆ లాభం ఎవరి దగ్గర్నుంచి, ఎలా వచ్చింది అన్నది ఆ చట్టం అడగదు. ఈ పూట నేను అడగదలుచుకున్నది అదే.

మా నాయనమ్మతో మొదలుపెడతాను.

ఆవిడకు రెండు కళ్లలోనూ శుక్లాలు. వేసవి సెలవుల్లో మా హైస్కూల్లో కంటి శిబిరం పెట్టి, బెంచీలు చేర్చి పడకలు చేసి, ఒక కంటికి ఆపరేషన్ చేశారు. అప్పట్లో మసకబారిన కటకాన్ని తీసేసేవారే తప్ప లోపల కొత్తది పెట్టేవారు కాదు. దాని బదులు బయట మందపాటి అద్దాలు ఇచ్చేవారు. సోడాబుడ్డి కళ్లద్దాలంటామే, అవి. వాటిలోంచి లోకం ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది, పక్కలకు ఏమీ కనిపించదు. నాయనమ్మ మంచినీళ్ల గ్లాసు కోసం చెయ్యి చాస్తే గ్లాసుకు ఇవతలే ఆగిపోయేది. అయినా మనవల ముఖాలు కనపడుతున్నాయని మురిసిపోయింది. మరుసటి ఏడు వానాకాలంలో నూతి చప్టా మీద జారి ఆ అద్దాలు పగిలిపోయాయి. కొత్తవి పట్నంలో చేయించాలి. పంట చేతికొచ్చాక చూద్దాం అన్నారు నాన్న. ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగిన ఆ కన్ను అయిదు నెలలు చీకట్లోనే ఉండిపోయింది. శిబిరం పెట్టినవాళ్ల రిజిస్టరులో మాత్రం ఆవిడ చూపు వచ్చినవాళ్ల జాబితాలోనే ఉండి ఉంటుంది. వాళ్లు అబద్ధం రాయలేదు. వాళ్ల పుస్తకం అక్కడికి అయిపోయింది, అంతే.

పుస్తకాన్ని అక్కడితో ఆపనివాళ్ల సంగతి ఇప్పుడు చెబుతాను. 1976లో మదురైలో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి ప్రభుత్వ ఉద్యోగంలో పదవీ విరమణ చేసి, 58వ ఏట, 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి తెరిచారు. యవ్వనంలోనే కీళ్లవాతం వచ్చి ఆయన చేతివేళ్లు వంకర్లు తిరిగిపోయాయి. ప్రసూతి వైద్యం చేయాలనుకున్న మనిషి ఆ జబ్బు వల్లే కంటి వైద్యం వైపు మళ్లారు. ఆ వేళ్లతోనే కత్తి పట్టడం నేర్చుకుని వేలాది కళ్లకు చూపు తెప్పించారు. చెల్లెలు నాచియార్, మరిది వరసైన నంపెరుమాళ్‌సామి, ఇంకా కుటుంబంలోని డాక్టర్లు వెంట నిలిచారు. డబ్బు ఇవ్వగలవాళ్ల దగ్గర తీసుకుని, లేనివాళ్లకు ఊరికే చేయాలన్నది మొదటిరోజు నుంచీ ఉన్న ఏర్పాటు.

అది ట్రస్టు కదా, వ్యాపారమని ఎలా అంటారు అని కొందరు అడుగుతారు. పనికి రుసుము తీసుకుంటుంది, జీతాలిస్తుంది, మిగులు చూసుకుంటుంది, ఆ మిగులుతో తరువాతి ఆసుపత్రి కడుతుంది. విరాళాల పెట్టె మీద ఆధారపడి నడవదు. మిగులును పంచుకునే వాటాదారులు లేరన్నది ఒక్కటే తేడా. లెక్కలు చూసే మనిషిగా నేను దాన్ని వ్యాపారమనే అంటాను, చాలా బాగా నడుస్తున్న వ్యాపారమని కూడా అంటాను.

వాళ్ల మొదటి రోజుల్లో జరిగిన ఒక సంగతి నాకు చాలా ఇష్టం. పల్లెల్లో శిబిరాలు పెట్టి, శుక్లాలు ఉన్నవాళ్లను గుర్తించి, ఫలానా రోజు మదురై వస్తే ఉచితంగా ఆపరేషన్ చేస్తామని చెప్పి వచ్చేవారు. చెప్పినవాళ్లలో చాలామంది వచ్చేవారు కాదు. ఇలాంటి చోట మామూలుగా వినపడే మాట మనకు తెలుసు. ఊరికే ఇస్తామన్నా రాని మూర్ఖులు, వీళ్లకు అవగాహన లేదు, ప్రచారం చేయాలి అంటారు. అరవింద్ వాళ్లు అలా అనుకోకుండా, రానివాళ్ల ఇళ్లకు వెళ్లి ఎందుకు రాలేదని అడిగారు. అంటే రోగి పుస్తకం తెరిచారు. బస్సు చార్జీ ఒకటి. తోడు వచ్చే కొడుకు కూలి పోతుంది. నాలుగు రోజులు తిండికి ఏం చేయాలి? చేసేది కన్ను, ఉన్న కాస్త చూపూ పోతే? "ఉచితం" అని ఆసుపత్రి గోడ మీద రాసిన పనికి రోగి పుస్తకంలో ఇంత ఖర్చు ఉంది. ఆ తరువాత శిబిరం దగ్గరికే బస్సు తెచ్చారు. భోజనం, మందులు, అద్దాలు, తిరిగి ఊళ్లో దింపడం అన్నీ ఆసుపత్రి మీద వేసుకున్నారు. ఒకే ఊరివాళ్లంతా కలిసి వెళ్లి కలిసి వస్తారు కాబట్టి తోడు సమస్య, భయం రెండూ తగ్గాయి.

ఉచితం అనే మాట వాడే ముందు ఎవరి పుస్తకంలో ఉచితం అని అడగాలని నాకు అక్కడే తెలిసింది.

చాలా ఏళ్ల తరువాత నేను మదురై వెళ్లాను. ఆపరేషన్ గదిని గాజు తలుపు బయటి నుంచి చూడనిచ్చారు. రెండు బల్లలు పక్కపక్కన, వాటి మధ్య సూక్ష్మదర్శిని. ఒక బల్ల మీద డాక్టరు పని చేస్తుండగానే రెండో బల్ల మీద తరువాతి రోగి కన్ను శుభ్రం చేసి, గుడ్డ కప్పి సిద్ధంగా ఉంచుతారు. ఈ కన్ను అయిపోగానే సూక్ష్మదర్శిని అటు తిరుగుతుంది, డాక్టరు స్టూలు మీద అటు తిరుగుతారు. మధ్యలో ఎవరూ ఎవరికోసమూ ఎదురుచూడరు. డాక్టరు చుట్టూ ఉన్నవాళ్లంతా చుట్టుపక్కల ఊళ్ల అమ్మాయిలు. ప్లస్ టూ అయ్యాక రెండేళ్లు అక్కడే శిక్షణ ఇచ్చి తీసుకుంటారు. కంటి పరీక్ష, కొలతలు, సర్దుబాట్లు, రోగితో మాట్లాడటం వాళ్ల పని. డాక్టరు చేయి డాక్టరు మాత్రమే చేయగలిగిన పని దగ్గరే ఉంటుంది. మరోచోట సర్జన్ చేసే ఆపరేషన్లకు అరవింద్ సర్జన్ కొన్ని రెట్లు ఎక్కువ చేయగలగడానికి కారణం ఇదే. ఒక్కో ఆపరేషన్ ఖర్చు పడిపోవడానికీ ఇదే. కళ్లను ఫ్యాక్టరీలో బిగించినట్టు బిగిస్తున్నారని ఒక మిత్రుడు అన్నాడు. శుక్లాలతో ఏళ్ల తరబడి గోడ పట్టుకుని నడిచే మనిషి పక్కన కూర్చుని చూస్తే ఆ వేగమే దయ అనిపిస్తుంది.

కానీ నన్ను నిలబెట్టేసింది ఆపరేషన్ గది కాదు, చీటీ రాసే చోటు. డబ్బు చెల్లించే విభాగం ఉంది, ఉచిత విభాగం ఉంది. ఎటు వెళ్లాలన్నది వచ్చిన మనిషి ఇష్టం. ఆదాయ ధ్రువపత్రం అడగరు, రేషన్ కార్డు అడగరు, చెవుల్లో దుద్దుల వైపు చూడరు. డబ్బు కట్టినవాళ్లకు గది, మంచం, కావాలంటే ఏసీ ఉంటాయి. కట్టనివాళ్లకు పెద్ద హాల్లో చాప. ఆపరేషన్ చేసే డాక్టర్లు మాత్రం అటూ ఇటూ వంతులవారీగా తిరిగేవాళ్లే. ఉన్నవాళ్లు ఉచితం వైపు దూరరా అని అడిగాను. కొందరు దూరితే దూరనీ అన్నట్టు నవ్వారు. పేదరికం నిరూపించుకోమని నిలబెట్టడం కూడా ఒక ధరేనని వాళ్లకు తెలుసు. మాస్టారి లెక్కలో మేము రాయలేకపోయిన ఆ తలవంచుకునే పద్దును అక్కడ కొట్టేశారు. సగానికి పైగా రోగులకు ఉచితంగానో నామమాత్రపు రుసుముకో చికిత్స చేస్తూ కూడా ఆసుపత్రి మిగులులో నడుస్తోంది.

ఇక నాయనమ్మ అద్దాల సంగతి. కంటిలోపలే కృత్రిమ కటకం అమర్చే పద్ధతి ధనిక దేశాల్లో వచ్చాక కూడా మన పేదలకు చాలాకాలం అందలేదు. దిగుమతి కటకం ఖరీదు ఆపరేషన్ ఖర్చును మించిపోయేది. పేదలకు అద్దాలు చాలులే అన్న అభిప్రాయం వైద్యుల్లోనూ ఉండేది. అరవింద్ వాళ్లు 1992లో ఆరోల్యాబ్ పెట్టి కటకాలు తామే తయారు చేయడం మొదలుపెట్టారు. ధర దిగుమతి సరుకులో ఇంచుమించు పదో వంతుకు దిగింది. ఇప్పుడవి ఎన్నో దేశాలకు వెళ్తున్నాయి. నూతి చప్టా మీద పగిలే వస్తువు ఇక లేదు. మన హైదరాబాదులో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు 1987లో మొదలుపెట్టిన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి కూడా ఈ దారిలోనే నడిచింది. దాని కథ ఇక్కడ చాలామందికి తెలుసు కాబట్టి ముందుకు వెళ్తాను.

ధర దగ్గరే ఇంకొక్క మాట. 1990ల మొదట్లో హెపటైటిస్ బి టీకా మనకు దిగుమతిగానే దొరికేది. డోసు ఏడు వందల పైమాటే. ఒక్కొక్కరికి మూడు డోసులు. నలుగురున్న గుమాస్తా కుటుంబం పుస్తకంలో రాయండి, ఎనిమిది వేలు దాటుతుంది. అంటే ఆ టీకా దేశంలో ఉందన్న మాటే గానీ ఆ ఇంట్లోకి రాదు. నెల్లూరు జిల్లాకు చెందిన ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు వరప్రసాద్ రెడ్డి గారు 1993లో తల్లి పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. జీవశాస్త్రం ఆయన చదువు కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ, సీసీఎంబీ పరిశోధన సంస్థలోనూ చోటు తీసుకుని శాస్త్రవేత్తల చేత పని చేయించి, 1997 ఆగస్టులో మన దేశపు మొదటి రీకాంబినెంట్ హెపటైటిస్ బి టీకాను బజారులోకి తెచ్చారు. దిగుమతి ధరలో చిన్న భాగానికే. తరువాత హైదరాబాదులోనే పోటీ కంపెనీలు వచ్చి ధర ఇంకా పడిపోయింది. ఆ కంపెనీ 2009లో ఫ్రెంచి సంస్థ సనోఫీ చేతికి వెళ్లింది. అమ్మకూడదని అనేవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఒకసారి దిగిన ధర మళ్లీ పాత చోటికి ఎక్కలేదు. గుమాస్తా పుస్తకంలో ఆ మార్పు నిలిచిపోయింది.

ఇక్కడితో ఆపేస్తే మీకు సగమే చెప్పినట్టు. కష్టం తీర్చడానికే బయల్దేరి కష్టమైపోయిన వ్యాపారం మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగింది. దాన్ని దగ్గర్నుంచి చూశాను.

మన ఆడవాళ్ల పొదుపు సంఘాల గురించి మీకు చెప్పాల్సిన పని లేదు. నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమం తరువాత రోజుకు రూపాయి పొదుపుతో ఊరూరా లేచినవి అవి. బ్యాంకు గుమ్మం ఎక్కనివ్వని మనిషికి పూచీకత్తు లేకుండా అప్పు పుట్టడం నిజంగా పెద్ద సంగతి. సూక్ష్మరుణ సంస్థలు బయల్దేరింది కూడా ఆ మంచి పనికే. మొదట్లో వాటిని నడిపినవాళ్లలో నిజాయితీపరులను ఎరుగుదును. వసూళ్లు నూటికి తొంభైతొమ్మిది అని వాళ్ల నివేదికల్లో గర్వంగా రాసేవారు. ఆ అంకె చూసి మదుపరులు వచ్చారు. మదుపరులు వచ్చాక ప్రతి ఏడూ అప్పులు రెట్టింపు కావాలి, ప్రతి బ్రాంచికీ టార్గెట్టు కావాలి.

2010లో ఒక పొదుపు సంఘం లెక్కలు చూడటానికి వెళ్లినప్పుడు ఒక సభ్యురాలు కొంగుముడి విప్పి నాలుగు కార్డులు నా ముందు పెట్టింది. నాలుగు సంస్థలవి, నాలుగు రంగులు. సోమవారం ఒకరు, మంగళవారం ఒకరు, గురువారం ఇద్దరు. ప్రతి దాంట్లోనూ వరసగా సంతకాలు, ఒక్క వారమూ తప్పలేదు. నాలుగు కంపెనీల పుస్తకాల్లోనూ ఆమె నూటికి నూరు మార్కుల సభ్యురాలు. నేను ఒక తెల్లకాగితం తీసుకుని ఆమె పుస్తకం రాయడం మొదలుపెట్టాను. సోమవారం కిస్తీకి డబ్బు ఎక్కడిది అంటే గురువారంవాళ్లు ఇచ్చిన కొత్త అప్పులోది. గురువారానికి? వడ్డీవ్యాపారి దగ్గర. అతనికి? చెవుల కమ్మలు. ఏమ్మా, ఇన్ని ఎందుకు తీసుకున్నావంటే, "ఇస్తామని ఇంటికొచ్చారు సారూ" అంది. ఆ వారం కట్టకపోతే గ్రూపులో మిగతావాళ్లు కట్టాలి. వాళ్లు ఇంటి ముందు కూర్చుంటారు. నూటికి తొంభైతొమ్మిది అనే అంకె వెనక ఉన్నది ఆ కూర్చోవడం.

అంతకు ముందే, 2006లో, కృష్ణా జిల్లాలో ఇదే గొడవ వచ్చి కలెక్టరు దాకా వెళ్లింది. ఆ హెచ్చరిక సరిపోలేదు. 2010 ఆగస్టులో హైదరాబాదు నుంచి నడిచే ఒక పెద్ద సంస్థ షేరు మార్కెట్లోకి వెళ్తే షేర్ల కోసం జనం ఎగబడ్డారు. రెండు నెలలు తిరక్కుండానే, అప్పుల ఒత్తిడితో ఆత్మహత్యల వార్తల మధ్య, రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వారం వారం వసూళ్లు ఆగాయి, వాటితోపాటు దాదాపు అన్ని వసూళ్లూ ఆగాయి. ఆ తరువాత రిజర్వు బ్యాంకు మాలెగాం కమిటీ సిఫార్సుల మీద కొత్త నిబంధనలు పెట్టింది. ఒక మనిషికి రెండు సంస్థలకు మించి అప్పు ఇవ్వకూడదు, మొత్తం 50 వేలు దాటకూడదు, వడ్డీకి పరిమితి ఉండాలి అన్నవి అప్పటి షరతులు. అప్పటి ఆ నిబంధనల్లో ఉన్నదేమిటో చూడండి. కంపెనీ తన పుస్తకంతోపాటు అప్పు తీసుకునే మనిషి పుస్తకం కూడా చూడాలని. ముందే ఎవరైనా తెల్లకాగితం తీసుకుని ఆ నాలుగు కార్డుల ఆవిడ పక్కన కూర్చుని ఉంటే చట్టం దాకా వెళ్లేది కాదు. ఈ మాట కోపంతోనే అంటున్నాను. ఆ మనుషులు నాకు తెలుసు కాబట్టి.

వ్యాపారం పెట్టాలనుకునే పిల్లలు ఈమధ్య నా దగ్గరికి వస్తుంటారు. పండిన మిరప ఆరబెట్టే యంత్రం, ఊళ్లో రక్తపరీక్షలు, కౌలు రైతుకు పెట్టుబడి. ఆలోచనలు బాగుంటాయి, ల్యాప్‌టాప్‌లో గీతలు పైకే వెళ్తుంటాయి. కష్టం నిజమైనదే, పరిష్కారమూ నిజమైనదే. నేను వాళ్లను అడిగేది ఒక్క పేజీ. మీ సరుకు కొనే మనిషి చేతిరాతతో రాసినట్టుగా ఒక నెల లెక్క. అందులో ఆ మనిషి మీకు వద్దు అని చెప్పగలిగే చోటు ఎక్కడుందో నాకు వేలు పెట్టి చూపించండి అంటాను. మదురైలో ఆ చోటు చీటీ రాసే బల్ల దగ్గర ఉంది. నాలుగు కార్డుల ఆవిడకు అలాంటి చోటు ఎక్కడా లేదు.

ఆ పుస్తకం నిజంగానే అవతలివాళ్ల చేతిలో ఉన్న చోటు ఒకటి చెప్పి ముగిస్తాను.

పాత కరీంనగర్ జిల్లా ముల్కనూరులో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి గారు 1956లో సహకార సంఘం పెట్టారు. అప్పు, ఎరువు, విత్తనం, ధాన్యం అమ్మకం అన్నీ ఒకేచోట, రైతుల సొంత సంఘంలో. సర్కారు అజమాయిషీ లేకుండా సంఘాలు నడుపుకునే వీలు కల్పించిన 1995 పరస్పర సహాయ సహకార చట్టం వచ్చాక, అదే ప్రాంతంలో 2002లో ఆడవాళ్లే సభ్యులుగా, ఆడవాళ్లే డైరెక్టర్లుగా పాలడెయిరీ మొదలైంది. స్వకృషి పేరుతో పాలు అమ్ముతారు. మిగులులో బోనస్ సభ్యులకే వెళ్తుంది. గేదె పేరు మీద అప్పు భర్త తీసుకున్నా సభ్యత్వం, పాల డబ్బు భార్య పేరు మీదే ఉంటాయి.

ఒక చలికాలం ఉదయం ఆ ప్రాంతంలోని ఒక ఊళ్లో పాలకేంద్రం దగ్గర నిలబడ్డాను. తెల్లవారలేదు, బల్బు వెలుగుతోంది. యాభై దాటిన ఒకామె క్యాను దించింది. పాలు కొలిచారు, చిన్న గిన్నెలో నమూనా తీసి యంత్రంలో పెట్టారు. వెన్న శాతం వచ్చింది, కుర్రవాడు ఆమె పుస్తకంలో రాసి ఇచ్చాడు. ఆమె బల్బు కిందికి జరిగి పుస్తకం చూసింది. నిన్నటి గీత మీద వేలు పెట్టింది, ఇవాళ్టి గీత మీద వేలు పెట్టింది. "నిన్న ఆరున్నర. అదే గడ్డి, అదే దాణా. అయిదు తొమ్మిదెట్లయితది? మళ్ల పెట్టు" అంది. కుర్రవాడు మాట్లాడకుండా పాలు బాగా కలిపి, నమూనా మళ్లీ తీసి పెట్టాడు. ఆరు నాలుగు వచ్చింది. ఆమె ముందే పాత అంకె కొట్టేసి కొత్తది రాసి సంతకం పెట్టాడు. వెనకాల వరసలో ఉన్నవాళ్లు ఎవరూ విసుక్కోలేదు. ఆమె పుస్తకాన్ని పాలిథిన్ కవర్లో పెట్టి, మంచు తగలకుండా అంచు మడిచి, జాకెట్టులో దోపుకుని ఖాళీ క్యాను తీసుకుని వెళ్లిపోయింది.